తెనింగ్ అత్త ఆవిరి పట్టిన మట్టి

మా ఊళ్ళో సజ్జ కుస్కుస్ వండని ఇల్లు లేదు. అడుగున నీళ్ళ కుండ, దాని మీద చిల్లుల కుండ, రెంటి మధ్య సందులో ఆవిరి పోకుండా చుట్టిన తడిగుడ్డ. సాయంత్రమైతే ఏ వాకిట్లో చూసినా ఇదే. అయితే ఆ చిల్లుల కుండలో సజ్జ నూకకు బదులు మట్టి పోసి ఉడికించిన మనిషి సాలుమ్ ఉప్పునీటి పాయల ఒడ్డున ఒక్కతే ఉంది. ఆమె మా మేనత్త, తెనింగ్ ఫాయ్.

దారిన పోయేవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు.

"తెనింగ్, ఇవాళ్టి మట్టిలోకి ఏం పులుసు?"

"నీ నాలుకే కోసి వేద్దామనుకుంటున్నా. పొడుగ్గా ఉందిగా, నలుగురికి సరిపోతుంది" అనేది అత్త, తలెత్తకుండా మంట ఎగదోస్తూ.

ఇది పిచ్చితనం కాదు. అంతకు చాలా ముందు ఒక ఏడాది అత్త వేసిన టమాటా తోటంతా కాయ పట్టే వేళకు వాడి కూలిపోయింది. పీకి చూస్తే వేళ్ళన్నీ ముసలివాళ్ళ వేళ్ళ కణుపుల్లా ఉబ్బి ముడులు పడి ఉన్నాయి. మట్టిలో కంటికి ఆనని పురుగు ఉంటుందని, వేడి తగిలితే అది చస్తుందని సంతలో ఒక ముసలమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి అత్త నారు పోసే మట్టికి ఆవిరి పట్టకుండా విత్తనం చూపించలేదు. ఆమె టమాటా నారు, వంకాయ నారు సంతలో బుట్ట దించకముందే అయిపోయేది. "తెనింగ్ నారు" అంటే జబ్బు లేని నారు. ఆ పేరు అత్తకు మెడలో గొలుసు కన్నా ఎక్కువ.

అసలు బెంగ నారు గురించి కాదు, వరిమడి గురించి.

మాలో వరిమళ్ళు ఆడవాళ్ళవి. తల్లి నుంచి కూతురికి వస్తాయి, మగవాళ్ళకు అందులో మాట ఉండదు. అత్తకు వాళ్ళమ్మ ఇచ్చిన మడి పల్లంలో, అన్నిటికన్నా చివర, చవిటి పర్రను ఆనుకుని ఉంది. వానలు తగ్గిపోయిన దగ్గర నుంచి పాయలోని ఉప్పు నేల కింద నుంచి పైకి పాకడం మొదలుపెట్టింది. ఒకప్పుడు దానికి అవతల ఉన్న మళ్ళు ఒక్కొక్కటే తెల్లబడి పర్రలో కలిసిపోయాయి. వాటి యజమానురాళ్ళు కొడవళ్ళు పక్కన పెట్టి మడ అడవుల్లో ఆల్చిప్పలు ఏరుకోవడానికి పోతున్నారు. ఇక వంతు అత్తది. అప్పటికే ఆమె మడిలో దిగువ సగం బూడిద చల్లినట్టు అయింది. అక్కడ నాటిన వరికి కంకి వచ్చేది కానీ, నలిపితే లోపల గాలే.

"నీకు ఇచ్చే నాటికి ఇది మడిగా ఉంటుందో, ఉప్పు కొట్టుగా ఉంటుందో" అనేది అత్త తన కూతురు సిగాతో. నవ్వుతూనే అనేది. కానీ పొలం నుంచి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేది. నాటే రోజుల్లో మా ఊరి ఆడవాళ్ళెవరూ అలా చెయ్యరు.

ఆ సమయంలో ఫాటిక్ పట్నంలోని అటవీ నర్సరీ నుంచి బయ్‌దీ వాన్ అనే అతను రావడం మొదలుపెట్టాడు. చవిటి పర్రకూ మళ్ళకూ మధ్య తుమ్మచెట్లు వరసలుగా పెడితే ఉప్పుగాలి ఆగుతుందని, చెట్లు వేళ్ళతో నేలను పట్టుకుంటాయని, ఆకు రాలి కుళ్ళిన చోట మట్టి మళ్ళీ బతుకుతుందని చెప్పాడు. మొక్కలు పెంచే పని ఆడవాళ్ళే తీసుకోవాలన్నాడు. నారు పెంచడమంటే ఇంకెవరి పేరు వస్తుంది? అందరూ అత్త వైపు చూశారు.

బయ్‌దీ ఉత్తరాన పెద్దనది పక్క నుంచి వచ్చిన తూకులోర్ మనిషి. మేము సెరేర్లం. మా రెండు జాతుల మధ్య ఎప్పటి నుంచో పరాచికాల చుట్టరికం ఉంది. ఎదురుపడితే తిట్టుకోవాలి. నువ్వు నా బానిసవంటే నువ్వే నా బానిసవి అనుకోవాలి. కోపం తెచ్చుకున్నవాడు ఓడిపోయినట్టు. తిట్టు బాగుంటే తిట్టించుకున్నవాడు కూడా నవ్వి ఒప్పుకోవాలి.

విత్తనాలు, ఒక గోనెసంచి మట్టి మోటారు సైకిల్‌కు కట్టుకుని బయ్‌దీ వాకిట్లోకి వచ్చిన రోజు నేను అక్కడే వేరుశనగలు ఒలుస్తున్నాను.

"ఏమే నా బానిసా! దొర వస్తుంటే లేచి నిలబడవా?"

"దొరా? ఎక్కడ? మోటారు సైకిల్ మీద మేక కూర్చుని వస్తోందనుకున్నాను."

"ఈ మేక నీకు మట్టి మోసుకొచ్చింది. మీ సెరేర్ల తిండికి ఊళ్ళో సజ్జలు అయిపోయి మట్టి వండుకుంటున్నారని విన్నాను, జాలేసింది."

అందరం నవ్వాము. బయ్‌దీ సంచి దించాడు. పర్ర మధ్యలో, అన్ని చెట్లూ ఎండిపోయిన చోట, ఒంకర తిరిగిన పాత తుమ్మ ఒకటి ఇంకా పచ్చగా నిలబడి ఉంది, దాని మొదట్లో తవ్విన మట్టి అది. మామూలు ఇసుకలో ఈ మట్టి గుప్పెడు గుప్పెడు కలిపి సంచుల్లో నింపమన్నాడు.

"పెంట ఎరువు ఎంత కలపాలి?" అడిగింది అత్త.

"అసలు వద్దు. ఈ మట్టిలో బతికే జీవులున్నాయి. వేరు పక్కన చిన్న గది కట్టుకుని, గాలిలో ఉన్న ఎరువును పట్టి మొక్కకు వండి పెడతాయి. మొక్క తన ఆకుల్లో చేసిన తీపి వాటికి పెడుతుంది. ఉప్పులో పుట్టి పెరిగినవి కాబట్టి ఉప్పుకు చావవు. మంటకు మాత్రం చస్తాయి. దీన్ని నీ కుండలో పెట్టకు తెనింగ్, నీకు దణ్ణం పెడతా."

అత్త ఒక్క క్షణం అతన్ని చూసింది. ఆ తర్వాత మా వైపు తిరిగింది.

"విన్నారా అమ్మలూ! తూకులోర్ల మట్టికి కూడా పేలున్నాయట. తలకు నీళ్ళు పోస్తే చచ్చిపోతాయి, పొయ్యొద్దంటున్నాడు!"

ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. తిట్టు బాగుంది మరి. ఆచారం ప్రకారం బయ్‌దీ కూడా పడి పడి నవ్వాడు. నవ్వాక ఆ మాట మళ్ళీ ఎత్తకుండా టీకి నీళ్ళు పెట్టమని కూర్చున్నాడు. అతని తప్పేదైనా ఉందంటే అదే. మర్నాడు తమ్ముడి పెళ్ళికని ఉత్తరాదికి వెళ్ళిపోయాడు.

అతను చెప్పినవాటిలో ఎరువు వద్దన్న మాట అత్తకు నచ్చింది, పెంట మోసే పని తప్పింది కదా. ఉడకబెట్టొద్దన్నది మాత్రం పరాచికం కింద జమ కట్టింది. తూకులోర్ నోట్లోంచి సెరేర్ ఆడదానికి నిజం రావడం ఎవరు విన్నారు? పైగా కొత్త మట్టి, ఎక్కడిదో ఏమో. ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపే ఆవిరి పట్టింది.

కుండ కింద మంట చూసే పని సిగాది. అమ్మ మనిషే అయినా దానికి ఓపిక నాన్నది. అంటే లేనట్టే. చివరి విడతకు వచ్చేసరికి కట్టెలు అయిపోయాయి. మళ్ళీ ఎండలో కట్టెలకు పోవడం ఎవరివల్ల అవుతుందని, మిగిలిన మట్టిని అలాగే సంచుల్లోకి ఎత్తి, వేపచెట్టు కింద వెనక వరసలో పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

విత్తనాలు చక్కగా మొలిచాయి. గోడ వెనక నుంచి మెడ నిక్కించి చూసే పిల్లల్లా వరసలుగా నిలబడ్డాయి. అత్త రోజూ పొద్దున్నే ఒక్కొక్క దాన్ని పలకరించి నీళ్ళు పోసేది. ఎండలు ముదిరాయి. మా బావి నీళ్ళు ఎప్పటిలాగే ఉప్పెక్కాయి. అప్పుడు మొక్కలు ఎదగడం మానేశాయి. కింది ఆకులు పసుపు తిరిగాయి, తర్వాత పై ఆకులు. ఊదితే రాలిపోయేటట్టు ఉన్నాయి.

వెనక వరస తప్ప. అది మోకాలి ఎత్తుకు వచ్చి, ముదురాకుపచ్చగా, ముళ్ళు కూడా వేసుకుని కూర్చుంది.

సిగా నాన్న, మామ లాతీర్, గొడుగు కర్ర ఆనించుకుని చూసి చూసి అన్నాడు, "ఆ వెనకవాటికి ఏం పెడుతున్నావు? అదే నాక్కూడా పెట్టు, చిక్కిపోయాను."

అత్త నవ్వలేదు. వెళ్ళి పచ్చగా ఉన్న మొక్కనొకటి సంచితో సహా ఎత్తి, సంచి చీల్చి, వేళ్ళు కుండ నీళ్ళలో కడిగింది. కడిగి కేక పెట్టింది. వేళ్ళ నిండా బుడిపెలు.

"అదే! అదే జబ్బు! టమాటాలను తిన్నదే!"

సిగా మొహం చూస్తే చాలు, విషయం అర్థమైపోయింది. అత్త అడక్కముందే అది చెప్పేసింది.

"కట్టెలు అయిపోయాయమ్మా..."

"కట్టెలు అయిపోతే నన్ను పొయ్యిలో పెట్టకపోయావా! ఉడకబెట్టని మట్టితో జబ్బు తెచ్చి ఇంట్లో పెట్టావు. మిగతావి పసుపు తిరిగిపోవడానికి ఇదే కారణం. నీళ్ళతో పాటు పాకి ఉంటుంది. ఈ వరసంతా కాల్చెయ్యాలి, ఈ పూటే."

"జబ్బు పట్టినవి పచ్చగా, పట్టనివి పసుపుగా ఉంటాయా?"

"టమాటాలు కూడా ముందు పచ్చగానే ఉన్నాయి. నీకేం తెలుసు? మీ అమ్మమ్మ మడి పోతుందే! వానలు ముంచుకొస్తున్నాయి. ఈ మొక్కలూ లేకపోతే ఈ ఏడు ఉప్పు మీదికి వచ్చేస్తుంది, వచ్చే ఏడు నీకు ఇవ్వడానికి అడుసు కూడా మిగలదు!"

అంటూనే వెనక వరస పక్కకు ఎండుగడ్డి లాగి కుప్ప వేసింది. సిగాకు ధైర్యం సడలింది. అయినా అది గడ్డి కుప్ప మీదికి వెళ్ళి చతికిలబడింది.

"బయ్‌దీని అడిగాక కాలుద్దాం. అంతకుముందైతే నన్ను కూడా కలిపి కాల్చు."

ఫోన్ చేసింది. అతను అప్పటికి ఫాటిక్ తిరిగి వచ్చి ఉన్నాడు. అత్త ఫోన్ లాక్కుంది.

"ఓయ్ మేకా! నీ మట్టి నా కొంప ముంచింది. కాల్చేస్తున్నాను."

అవతల నుంచి బయ్‌దీ అరుపు మా అందరికీ వినిపించింది. "కాల్చకు తెనింగ్! అవే మంచివి! బుడిపెలున్నవే మంచివి!"

అత్త ఫోన్ కట్టేసి మావైపు తిరిగింది. "కాల్చొద్దంటున్నాడు. అంటే కాల్చాల్సిందే. వాడు నాకు ఎప్పుడు సరైన మాట చెప్పాడు?"

కానీ సిగా గడ్డి మీద నుంచి లేవలేదు. మామ లాతీర్ కూడా, కూతురి మీద ప్రేమో, కట్టెల మీద ప్రేమో తెలియదు గానీ, రేపు పొద్దున చూద్దాంలే అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బయ్‌దీ వచ్చాడు. మోటారు సైకిల్ వాకిలి బయటే ఆపాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నా బానిసా" అనలేదు. నెమ్మదిగా నడిచి వచ్చి చాప చివర కూర్చుని తల వంచుకుని అన్నాడు.

"తెనింగ్ ఫాయ్ గారూ, శాంతి కలుగుగాక. లాతీర్ గారూ, మీకు కూడా. పిల్లలు బాగున్నారా? పశువులు బాగున్నాయా? పొలం బాగుందా?"

రోకలి పోటు వేస్తున్న పక్కింటి కోడలు రోకలి గాలిలోనే ఆపింది. మామ లాతీర్ పెదవులు కదిలిస్తూ ప్రార్థన మొదలుపెట్టాడు. అత్త గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదమ్మా."

"నిజం చెప్పు నాయనా. మీ అమ్మేనా?"

"మా అమ్మ బాగుంది. మీ మొక్కలు పోబోతున్నాయి, అది చెప్పడానికి వచ్చాను. ఇవాళ ఒక్క పూట నేను తూకులోర్‌ని కాను, మీరు సెరేర్ కారు. నేను చెప్పేది పరాచికం కాదు. పూర్తయ్యాక కావాలంటే ఏడాది పాటు తిట్టుకుందాం."

బయ్‌దీ పసుపు మొక్కనొకటి తెమ్మన్నాడు, పచ్చ మొక్కనొకటి తెమ్మన్నాడు. రెండూ కడిగి పళ్ళెంలో పక్కపక్కన పెట్టాడు. పసుపుదాని వేళ్ళు ఉతికి ఆరేసిన నూలు పోగుల్లా బోడిగా ఉన్నాయి. పచ్చదాని వేళ్ళకు సజ్జ గింజంత, అంతకన్నా చిన్నవి బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చాడు. లోపల ఎర్రగా, కోసిన జామకాయ రంగులో ఉంది.

"ఇలా ఎర్రగా ఉంటే లోపలివి బతికి పని చేస్తున్నట్టు" అన్నాడు. "ఇక మీరు చూడండి. మీ టమాటా వేళ్ళూ ఇలాగే ఉన్నాయా?"

అత్త పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది. ఒక బుడిపెను రెండు వేళ్ళతో నలిపింది. అది టక్కున ఊడి వచ్చింది, వేరు మాత్రం నున్నగా అలాగే ఉంది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి.

"లేదు" అంది చివరికి, చాలా చిన్నగా. "అక్కడ వేరే ఉబ్బిపోయి ముడి పడింది. ముడి తీస్తే వేరు తెగింది. ఇవి పక్కన అంటుకుని ఉన్నాయి, చుట్టాలు వచ్చి కూర్చున్నట్టు."

"చుట్టాలే."

"వాళ్ళనే నేను కుండలో పెట్టి..."

బయ్‌దీ నోటి దాకా ఏదో వచ్చింది. పెదవి కొరుక్కుని మింగాడు. అది అత్త చూసింది.

"అనేసెయ్, అనేసెయ్. ఆ మొహం పెట్టుకుని కూర్చోకు, నాకు భయమేస్తోంది."

"నీ ఇంటికి వచ్చిన చుట్టాలకు ఇదేనా మర్యాద, బానిసా? అందుకేగా మీ ఇంట్లో నేను ఎప్పుడూ రాత్రి ఉండను!"

రోకలి కిందికి పడింది. నవ్వులు చూరు దాకా వెళ్ళాయి. మామ లాతీర్ ప్రార్థన సగంలో ఆపేసి, ఎవరూ పోలేదన్నమాట, అయితే టీ పెట్టండన్నాడు.

ఇక పసుపు మొక్కల సంగతి. అవి చచ్చిపోలేదు, ఆకలితో ఉన్నాయంతే అన్నాడు బయ్‌దీ. పాత తుమ్మ మట్టి మళ్ళీ తెచ్చి వాటి మొదళ్ళలో వెయ్యాలి. పొడిమట్టి పైపైన వేస్తే లోపలికి దిగదని అత్త అడ్డం వచ్చింది. జావలా కలిపి పోద్దాం, కుండకు మాత్రం దూరంగా, అంది. ఆ రోజే ఆడవాళ్ళమంతా బేసిన్లు నెత్తిన పెట్టుకుని పర్ర మీద బయల్దేరాము. కాళ్ళ కింద ఉప్పు పెంకులు పటపటమని విరిగాయి. పాత తుమ్మ నీడ ఒక మేకకు కూడా చాలదు. అయినా అత్త దాని మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళు తెగకుండా చేత్తోనే మట్టి తీసింది, ఒకరి ఇంట్లో అడిగి తీసుకున్నట్టు. తీసిన గుంటను పక్క మట్టితో పూడ్చి వచ్చింది.

వాన ఆ ఏడు ఆలస్యంగా వచ్చింది. వరికి అది చెడ్డ కబురే కానీ, మొక్కలకు కొంచెం గడువు దొరికింది. జావ పోసిన చాలా రోజుల వరకు ఏమీ జరగలేదు. కొన్ని చచ్చాయి కూడా. ఆ తర్వాత ఒక్కొక్క దానికి కొనలో కొత్త ఆకు, ఆ ఆకులో పచ్చదనం. అన్నీ కాదు. తేరుకున్నంత వరకు తేరుకున్నాయి. మొదటి గట్టి వాన పడ్డాక అందరం కలిసి నాటాము. ఉప్పుకు అన్నిటికన్నా దగ్గరి వరసలో వేటిని పెట్టాలనే తగువు రాలేదు. వేపచెట్టు కింది వెనక వరసే ముందుకు వచ్చింది.

ఎండాకాలం రాగానే బలహీనంగా ఉన్నవి పోయాయి. పోయినచోట కొత్తవి పెంచి పెట్టాము, పచ్చి మట్టిలో పెంచినవి. అత్త చిల్లుల కుండను మానలేదు, టమాటా నారుకు అది కావాలి. తుమ్మ మొక్కల సంచుల దగ్గరికి మాత్రం నిప్పుతో ఎవరినీ రానివ్వలేదు. కొన్ని వానాకాలాలు గడిచాయి. ముందు వరస భుజాల ఎత్తుకు వచ్చింది. తెల్లటి పెచ్చు ఆ వరస దగ్గర ఆగింది. మడిలో చేరింది పూర్తిగా పోయిందని చెప్పను, కొత్తగా గట్టు దాటలేదంతే. చెట్ల కింద రాలిన ఆకు మీద ముందు గరిక లాంటిది మొలిచింది. అత్త రోజూ వెళ్ళి దాన్ని చూసి వచ్చేది. మేకలు కనిపిస్తే గోల చేసి తరిమేది.

సిగా తన పొయ్యి తాను పెట్టుకున్న ఏడు మడి దాని చేతికి వచ్చింది. నాట్ల రోజున అత్త గట్టు మీద నిలబడి చెయ్యి చాపి చూపించింది. "ఇక్కడి దాకా నాటు. దిగువ మన మాట వినదు, నారు దండగ."

సిగా సరేనంది. అంటూనే వంగి వెనక్కి వెనక్కి నాటుకుంటూ ఆ హద్దు దాటి తుమ్మల నీడ దాకా వెళ్ళిపోయింది. అత్త అరిచింది, తిట్టింది, చివరికి నడుముకు చుట్టిన గుడ్డ ఎగదోపుకుని తనూ దిగింది. ఇద్దరూ పక్కపక్కనే వంగి, పోట్లాడుకుంటూ, మిగిలిన నారంతా దిగువలో పెట్టి వచ్చారు.

దిగువ వరి పొట్టిగా వచ్చింది. కోతకు వెళ్ళినప్పుడు సిగా దాన్ని మిగతా వరితో కలపకుండా విడిగా కట్ట కట్టింది. విడిగా దంచింది. గింజ ఉంది. చేపల పులుసుతో వండి, ఒకే పెద్ద పళ్ళెంలో పోసి తల్లి ముందు పెట్టింది. మేము చుట్టూ కూర్చున్నాము కానీ ఎవరమూ చెయ్యి పెట్టలేదు. అత్త ఒక ముద్ద చేసుకుని నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"ఏమ్మా?" అంది సిగా.

అత్త మింగి, వేళ్ళు నాక్కుని, మొహం కాస్త చిట్లించింది.

"ఉప్పు చాల్లేదు" అంది. "కొంచెం పట్రా."